నీలం దుప్పట్ల రిహార్సల్

ఆ వృద్ధుల హోమ్‌లో నీలం దుప్పట్లు బీరువాలోంచి బయటికి వచ్చాయంటే తనిఖీ దగ్గర పడిందని అర్థం. మామూలు రోజుల్లో నలభై మంచాల మీదా వెలిసిపోయిన తెల్ల దుప్పట్లే ఉంటాయి. ఒకదానికి నడిమధ్యన అతుకు, ఇంకోదానికి అంచున టీ మరక. తనిఖీ రోజున మాత్రం నలభై మంచాలూ నీలంగా నిగనిగలాడిపోతాయి. ఆ నిగారింపు చెడకూడదని, వచ్చినవాళ్లు వెళ్లేదాకా ముసలివాళ్లెవర్నీ మంచం మీద కూర్చోనివ్వరు. అందరూ పొద్దున్నించీ కుర్చీల్లో బిగుసుకుని, ఎవరి మంచాన్ని వాళ్లు పరాయివాళ్ల ఇంట్లో సామానులా చూస్తూ ఉంటారు.

ఆ బీరువా తాళంచెవి ఉండేది దుప్పట్లక్క నడుముకి. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది, బయటికి తీసిన పాపాన ఎవరూ పోలేదు. సెలవు పెట్టిన మనిషి బదులు రెండు నెలలు బట్టలుతకడానికి వచ్చింది. ఆ సెలవు పెట్టిన మనిషి తిరిగి రాలేదు, ఈవిడ తిరిగి వెళ్లలేదు. పొట్టి మనిషి, గట్టి గొంతు, నడిస్తే వెనకవాళ్లు పరిగెత్తాలి. ఉతకడానికి వచ్చిన దుప్పటిని ఒక్కసారి దులిపి, ఎవరు దొంగచాటుగా మంచమెక్కి బిస్కెట్లు తిన్నారో, ఎవరికి కీళ్లనొప్పుల నూనె ఎక్కువైందో, ఎవరు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చారో చెప్పేస్తుంది. ఇంటికెళ్తే మాత్రం ఒక్క దుప్పటి మడత పెట్టదు. ఆ పని సైకిలు మెకానిక్కయిన ఆవిడ మొగుడిది. వంకరగా మడిచాడని మళ్లీ విప్పించడం ఆవిడ పని.

తనిఖీలు రెండు రకాలని ఆవిడకి తెలుసు. చెప్పి వచ్చేవి, చెప్పకుండా వచ్చేవి. చెప్పి వచ్చేదానికి ముందుగా ఉత్తరం వస్తుంది, ఉత్తరం రాగానే మేనేజరుకి జ్వరం వస్తుంది. చెప్పకుండా వచ్చేది ఆ హోమ్‌కి ఎప్పుడూ రాలేదు కాబట్టి అలాంటిది ఒకటుందని ఎవరూ పెద్దగా నమ్మలేదు.

ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి రిహార్సల్ మొదలయ్యేది. మేనేజరు పెట్టిన పద్ధతి అది. పై అంతస్తులో ఉండే కండక్టరు మావయ్య ఇన్‌స్పెక్టరు వేషం కట్టేవాడు. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి, చంకలో ఫైలు పెట్టుకుని హాలు హాలూ తిరిగి ప్రశ్నలు వేసేవాడు. వేడినీళ్లు వస్తున్నాయా, మందులు వేళకిస్తున్నారా, అందరూ ముందుకు జరగండి. జవాబులు అందరికీ కంఠతా వచ్చేశాయి. అసలు ఆయన మొహం చూస్తేనే నవ్వొచ్చే స్థితికి వచ్చారు. నవ్వితే రిహార్సల్ పాడవుతుందని మేనేజరు తల పట్టుకున్నాడు.

దుప్పట్లక్కకి మాత్రం ఈ ఏడు నవ్వు రాలేదు. దానికి కారణం ఉతికే గదిని ఆనుకుని ఉన్న చిన్న గది.

కాగితాల మీద అది దుప్పట్లు దాచే గది. నిజానికి అందులో కాపురం ఉంటున్నది గడియారాల తాత, ఆయన భార్య మామ్మ. ఆ హోమ్‌లో మగవాళ్లు పై అంతస్తులో, ఆడవాళ్లు కింద. మొగుడూ పెళ్లాలైనా సరే. అది రూలని మేనేజరు అనేవాడు, ఆయనకి ఆయన ముందరి మేనేజరు చెప్పాడు. గడియారాలు బాగుచేసే తాత చెయ్యి వణికి కొట్టు మూసేశాక ఇద్దరూ ఇక్కడికొచ్చారు. మామ్మకి అప్పటికే మతిమరుపు ముదిరింది. ఊరు పోయింది, వయసు పోయింది, తోబుట్టువుల పేర్లు పోయాయి. ఒక్క ప్రశ్న మాత్రం పోలేదు. నిద్ర లేవగానే పక్కన తడుముకుని, ‘ఈయనేడి?’ అంటుంది. కనపడకపోతే వెతకడానికి లేస్తుంది. వచ్చిన కొత్తలో ఒక్క రోజే పదకొండుసార్లు మెట్ల దగ్గర దొరికితే, పదకొండుసార్లూ దుప్పట్లక్కే చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. పన్నెండోసారి మామ్మని వెనక్కి తేలేదు. పైకి వెళ్లి తాతనే కిందికి తెచ్చేసింది. ఇది జరిగి నాలుగేళ్లు.

మేనేజరుకి ఈ సంగతి తెలియదు. తెలియకుండా ఉండడానికి ఆయన చాలా కష్టపడేవాడు. ఉతికే గది వైపు రావాలంటే పది గజాల ముందు నుంచే పెద్దగా దగ్గుతూ వచ్చేవాడు.

తనిఖీ రోజు మాత్రం తాత పైకి వెళ్లక తప్పేది కాదు. పోయినేడు అలా వెళ్లాడు. మామ్మ లేచింది, తడుముకుంది, వెతుకుతూ మెట్లెక్కబోయి పడింది. నుదుటి మీద మూడు కుట్లు. పైన తాతకి ఆ చప్పుడు వినిపించింది. కిందికి దిగితే గుట్టు బయటపడుతుందని కుర్చీలోంచి లేవలేదు. ఆ లేవకపోవడం గురించి ఆయన ఇంతవరకూ ఎవరితోనూ నోరు విప్పలేదు.

అందుకని ఈసారి తాతని పైకి పంపేది లేదని దుప్పట్లక్క నిశ్చయించుకుంది. ఇద్దర్నీ లోపలే ఉంచి తలుపు దగ్గరికి వేస్తుంది. ఇన్‌స్పెక్టరు అటు తిరిగితే చేతిలో ఉన్న సబ్బునీళ్ల బకెట్టు కాళ్ల దగ్గర జారవిడుస్తుంది. అయ్యో అంటుంది, తుడుస్తుంది, అటు జారుతుంది ఇటు రండి అని వంటగది వైపు మళ్లిస్తుంది. ఉపాయం బ్రహ్మాండంగా ఉంది, ఒక్కసారి ఎవరి మీదైనా పరీక్షించి చూస్తే తీరిపోతుంది. దొరికిపోతే మాత్రం వాళ్లిద్దర్నీ విడదీస్తారు, ఈసారి ఒక్క రోజుకి కాదు, శాశ్వతంగా.

ఇరవయ్యో తారీకున తనిఖీ అని ఉత్తరం వచ్చింది. మేనేజరు అందర్నీ పోగేసి, ఈసారి కండక్టరు మావయ్య వద్దు, కొత్త మొహం అయితేనే భయం ఉంటుంది, తన మరదలి స్నేహితురాలు ఒక స్కూలు టీచరుందని, బుధవారం పది గంటలకి ఆవిడ ఇన్‌స్పెక్టరుగా వస్తుందని, నిజం తనిఖీలాగే నడుచుకోవాలని చెప్పాడు. కండక్టరు మావయ్య ఆ పూట టీ ముట్టలేదు.

బుధవారం పొద్దున్నే మేనేజరు గేటుకి రంగు కొనడానికి బజారుకెళ్లాడు. సరిగ్గా పది గంటలకి ఒకావిడ లోపలికొచ్చింది. భుజాన గుడ్డసంచీ, కళ్లద్దాలు, అరిగిపోయిన చెప్పులు. తనిఖీకి వచ్చానంటూ మెడలోని కార్డు చూపించింది. దుప్పట్లక్క ఆ కార్డుని దగ్గరగా పట్టుకుని చూసి మురిసిపోయింది. ఫోటో ఉంది, ముద్ర ఉంది, సంతకం కూడా ఉంది. మేనేజరు ఇంత శ్రద్ధ పెడతాడని ఆవిడ అనుకోలేదు.

“బాగా చేయించారు టీచరమ్మా,” అంది.

ఆవిడ తాను టీచర్ని కాదంది. అవునవును, ఇవాళ కాదు అని దుప్పట్లక్క కన్ను గీటింది. ఆవిడ ఇంకోసారి చెప్పి చూసింది. దుప్పట్లక్క ఇంకోసారి కన్ను గీటింది. మూడోసారి చెప్పడం మానేసి ఆవిడ సంచీలోంచి పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. రాయడం కూడా అచ్చం అలాగే ఉందని దుప్పట్లక్క మెచ్చుకుంది.

ఆడవాళ్ల హాల్లో ముగ్గురు మామ్మలు ప్రశ్న అడగకుండానే జవాబు మొదలెట్టేశారు. వేడినీళ్లు వస్తున్నాయని ఒకరు, రోజూ వస్తున్నాయని ఇంకొకరు, కావాల్సినదానికంటే ఎక్కువే వస్తున్నాయని మూడో ఆవిడ. వచ్చినావిడ వెళ్లి పంపు తిప్పి చెయ్యి పెట్టింది. నీళ్లు మంచులా ఉన్నాయి.

“ఆ పంపు తిప్పకూడదు టీచరమ్మా,” అంది దుప్పట్లక్క. “అందులో వేడినీళ్లు ఇరవయ్యో తారీకున వస్తాయి. అసలువాళ్లు ఇంత లోపలికి రారు, మీరు కాస్త ఎక్కువ చేస్తున్నారు.”

అక్కడితో ఆగిందా అంటే లేదు. ఆవిడకి నటన కూడా నేర్పింది. మీరు మరీ మెత్తగా అడుగుతున్నారంది. అసలు ఇన్‌స్పెక్టర్లు నవ్వరు, కాస్త మొహం మాడ్చుకోండంది. ఇచ్చిన టీ తాగకూడదు, కప్పు పట్టుకుని చల్లారబెట్టాలి, అది వాళ్ల అలవాటంది. ఆవిడ బుద్ధిగా తలాడించి టీ చల్లారబెట్టింది. ఈ లోపల వేషం పోయిన కండక్టరు మావయ్య కడుపుమంట ఆపుకోలేక ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగొచ్చాడు. ఆవిడ కార్డు అడిగి తీసుకుని, వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, ముద్ర సరిగ్గా పడలేదు కాబట్టి ఇది చెల్లదని తేల్చేశాడు. అక్కణ్నించి ఆ వరండాలో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు తిరిగారు. ఒకరు మందుల డబ్బాల మీద తేదీలు చూస్తుంటే, రెండో ఆయన వెనకనించి ముందుకు జరగండి అంటున్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వలేక చచ్చారు. ఒక మామ్మ కట్టుడు పళ్లు చేతిలోకి తీసుకుని మరీ నవ్వింది.

ఉతికే గదికి వచ్చారు. దుప్పట్లక్క గర్వంగా బీరువా తెరిచి నీలం దుప్పట్లు చూపించింది. కొని ఆరేళ్లయిందని, మొత్తం మీద ఏడు రోజులే పరిచామని, ఇంకా కొత్త వాసన పోలేదని చెప్పింది. ఆవిడ ఒక దుప్పటి మీద చెయ్యి వేసి చూసి పుస్తకంలో రాసుకుంది. తర్వాత బయటికొచ్చి పక్క గది వైపు తిరిగింది.

“ఆగండాగండి,” అంటూ దుప్పట్లక్క పరిగెత్తి సబ్బునీళ్ల బకెట్టు పట్టుకొచ్చింది. “ఇప్పుడు అసలు సంగతి. మీరు ఆ తలుపు గురించి అడుగుతారు. నేను ఈ బకెట్టు జారవిడుస్తాను. ఇవాళ నిజంగా ఒలకబొయ్యను లెండి, మీ చెప్పులు పాడవుతాయి. ఊరికే పోసినట్టు చేస్తాను. మీరు వంటగది వైపు తిరుగుతారో లేదో చూడాలి.”

“తిరక్కపోతే?” అంది ఆవిడ.

 తిరక్కపోతే ఏం చెయ్యాలో దుప్పట్లక్క ఆలోచించలేదు. ఉపాయానికి ఇంత పెద్ద కన్నం ఉందని ఇప్పుడే తెలిసింది. ఇంత తెలివైన టీచరమ్మ దగ్గర దాచడమెందుకు, చూస్తే ఆవిడే ఏదైనా సలహా చెబుతుంది కదా అనుకుని తలుపు తీసేసింది.

లోపల రెండు మంచాలు దగ్గరికి జరిపి, మధ్యలో సందు పడకుండా కాళ్లకి కాళ్లు బ్యాండేజీ గుడ్డతో కట్టి ఉన్నాయి. గోడకి ఏడెనిమిది గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము. మామ్మ నిద్రపోతోంది. ఆవిడ చెయ్యి తాత చొక్కా జేబులో ఉంది. తాత ఆ చెయ్యి కదలకుండా, ఉన్నచోటునే కూర్చుని నమస్కారం పెట్టాడు.

దుప్పట్లక్క గొంతు తగ్గించి అంతా చెప్పింది. పదకొండుసార్లు, పన్నెండోసారి, మూడు కుట్లు. ఆవిడ వింటూ గదంతా చూసింది. కిటికీ రెక్క తోసి చూసింది, రాలేదు. సాయం కావాలంటే ఎవర్నెలా పిలుస్తారని తాతనడిగింది. తాత దిండు పక్కనున్న అలారం గడియారం తీసి మోగించి చూపించాడు. ఎదురు హాల్లో ఉండే ఆయమ్మకి వినపడుతుందన్నాడు. మామ్మ ఉలిక్కిపడి లేచి పక్కన తడుముకుంది, చెయ్యి జేబులోనే ఉందని చూసుకుని మళ్లీ పడుకుంది.

అప్పుడు వినిపించింది దగ్గు. మేనేజరు రెండు చేతులా రంగు డబ్బాలతో, దగ్గుతూ, వగరుస్తూ వచ్చాడు.

“అక్కా, ఇవాళ రిహార్సల్ లేదు. ఆ టీచరమ్మకి జ్వరమట, రాలేనని కబురు పెట్టింది,” అని, పక్కనున్నావిణ్ని, ఆవిడ మెడలో కార్డుని చూసి, అక్కడే ఆగిపోయాడు.

దుప్పట్లక్క పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలోని బకెట్టు జారింది. ఈసారి పోసినట్టు చెయ్యలేదు, నిజంగానే పోసింది, ఆఖరి చుక్కదాకా. ఇన్‌స్పెక్టరమ్మ అరిగిన చెప్పులు సబ్బు నురగలో తేలాయి. చేతిలో డబ్బాలు వదలాలో, ఆవిణ్ని పట్టుకోవాలో, పారిపోవాలో తెలియక మేనేజరు మూడూ కలిపి చెయ్యబోయి చతికిలబడ్డాడు. కండక్టరు మావయ్య ఒక్కడే నిబ్బరంగా నిలబడి, అందుకే ముద్ర చూడమన్నానని అన్నాడు.

దుప్పట్లక్క ఆ నురగలోనే నిలబడి చేతులు జోడించింది. “మేడమ్, ఏం రాసినా నా మీద రాయండి. తలుపు తీసింది నేను, దాచింది నేను. వాళ్లని మాత్రం విడదీయకండి.”

తాను చూసింది రాస్తానని, ఇరవయ్యో తారీకున మళ్లీ వస్తానని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. మొహంలో ఏమీ తెలియలేదు. దుప్పట్లక్క అంత బాగా నేర్పింది మరి.

ఆ తొమ్మిది రోజులూ ఎలా గడిచాయో దుప్పట్లక్క మొగుణ్నడగాలి. ఇంట్లో దుప్పటి ఎంత వంకరగా మడిచినా ఒక్క మాట అనలేదట. మడత విప్పించకపోయేసరికి ఆయనకి భయమేసి, డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడట.

ఇరవయ్యో తారీకు రానే వచ్చింది. నీలం దుప్పట్లు పరిచారు. గేటు పచ్చరంగులో తడితడిగా మెరుస్తోంది, మేనేజరు రెండు అరచేతులూ అదే రంగులో ఉన్నాయి. ఆయన దగ్గకుండా ఉతికే గదికి వచ్చాడు. నాలుగేళ్లలో అదే మొదటిసారి. తప్పు సరిదిద్దుకున్నామని చూపిద్దాం, తాతని పైకి పంపెయ్యమన్నాడు. తాత లేచి, మామ్మ చెయ్యిని మెల్లగా జేబులోంచి తీసి, ఆ చేతిలో తన చేతిగడియారం పెట్టాడు. దుప్పట్లక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఈసారి తాత మెట్లెక్కడు సార్. ఎక్కించాలంటే ముందు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి,” అంది. నడుముకున్న తాళంచెవి తీసి ఆయన పచ్చటి చేతిలో పెట్టింది. మేనేజరు దాన్ని పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, అలవాటు కొద్దీ దగ్గాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఈసారి కాళ్లకి రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. తిన్నగా ఆడవాళ్ల హాల్లోకి వెళ్లి ఒక నీలం మంచం మీద కూర్చుని, కుర్చీల్లో ఉన్న మామ్మల్ని కూడా ఎవరి మంచం మీద వాళ్లని కూర్చోమంది. వాళ్లు దుప్పట్లక్క వైపు చూశారు. ఒకావిడ ధైర్యం చేసి కూర్చుంది, ఇంకొకావిడ ఏకంగా పడుకుంది. అరనిమిషంలో హాలంతా మంచాలెక్కేసింది. మూడో మామ్మ కొంగు చాటునుంచి బిస్కెట్టు తీసి, దుప్పట్లక్క కళ్లముందే విరిచి నోట్లో వేసుకుంది.

అందరి ఎదుటా నివేదిక చదవమని ఆవిడ మేనేజరుకి కాగితాలిచ్చింది. లోపాలు పద్నాలుగు. పంపులో వేడినీళ్లు లేవు. మంచి దుప్పట్లు బీరువాలో దాచారు, ఇకనుంచి రోజూ పరచాలి. ఇలా చదువుతూ చదువుతూ పదకొండో దగ్గరికి వచ్చాడు. ఉతికే గది పక్కన ఇద్దరు నివాసులున్న గదికి పిలిచే గంట లేదు, అలారం గడియారంతో సరిపెడుతున్నారు. కిటికీ తెరుచుకోదు. తలుపు మీద నంబరు లేదు. నెలలోగా ఇవన్నీ అమర్చాలి.

ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడేమీ లేదు.

“అంటే, వాళ్లు కలిసి ఉండొచ్చా మేడమ్?” అనడిగాడు.

“ఉండకూడదని మీకెవరు చెప్పారు?” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “పదిహేనేళ్లుగా ఇలాంటి హోమ్‌లు చూస్తున్నాను. ఆ రూలు ఏ పుస్తకంలోనూ లేదు. కలిసి ఉంటామన్న భార్యాభర్తల్ని కలిపే ఉంచాలని మాత్రం ఉంది.”

 నాలుగేళ్లు, అన్ని దగ్గులు, అంత గుట్టు, ఆ మూడు కుట్లు. అంతా లేని రూలు కోసం. దుప్పట్లక్కకి ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. తాత రాకముందు ఆ హోమ్‌లో ఒక జంట ఉండేది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వాళ్ల చీటీల్ని దిండుగలీబుల్లో మడిచి తనే చేరవేసేది. ఆఖరి చీటీ పైకి చేరేసరికి అందుకోవడానికి ఆయన లేడు. వాళ్లని ఆ తలుపు వెనక పెట్టాలని అప్పుడు తోచనందుకు ఆవిడకి తన మీదే కోపం వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, మేనేజరు చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. అది కూడా పచ్చగా అయిపోయి ఉంది.

ఇప్పుడు నలభై మంచాల మీదా రోజూ నీలం దుప్పట్లే. వాటి మీద టీ పడుతోంది, బిస్కెట్టు పొడి పడుతోంది, నూనె మరకలవుతున్నాయి. ఉతకలేక నడుం విరిగిపోతోందని దుప్పట్లక్క పొద్దున్నించి సాయంత్రం దాకా ఇన్‌స్పెక్టరమ్మని తిడుతూనే ఉంటుంది, తిట్టినంతసేపూ మొహం వెలిగిపోతూ ఉంటుంది. మాసిన మొదటి దుప్పటిని దులిపి చూసి, ఆవిడ ఇంటికెళ్లి మొగుడితో పండిన తోట చూసొచ్చినట్టు చెప్పుకుంది. కండక్టరు మావయ్య మాత్రం ఇంకా ఫైలు వదల్లేదు. చెప్పకుండా వచ్చే తనిఖీ తనే చేస్తానని ఎప్పుడు పడితే అప్పుడు పంపు తిప్పి చూస్తున్నాడు. నీళ్లు వేడిగానే వస్తున్నాయి.

ఉతికే గది పక్క తలుపు మీద ఇరవై ఒకటి అని నంబరు పడింది. కిటికీ తెరుచుకుంటోంది. మామ్మ మంచం పక్క ఎర్ర మీటతో గంట పెట్టారు. పెట్టిన రోజే అది మోగింది. దుప్పట్లక్క చేతిలో దుప్పటి పారేసి పరిగెత్తింది. పోయినేడు మెట్ల కింద చూసిన నెత్తురు కళ్లముందు మెదిలి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి తాత జేబులో.

“ఏమైంది మామ్మా?”

“ఏం కాలేదమ్మాయ్,” అంది మామ్మ. “ఈయన ఇక్కడే ఉన్నాడు. నీకు చెబుదామని పిలిచా.”